ధ్రువ ప్రాంతాల బెలూన్ డేటాలో తేమ 70 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? ఆ కొలతలను ఎంతవరకు నమ్మవచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: తిరుపతి దగ్గరి గాదంకి కేంద్రం రేడియోసాండ్ (బెలూన్‌కు కట్టి ఎగరేసే వాతావరణ పరికరం, క్లుప్తంగా సాండ్) డేటాతో ఇంతకుముందు పని చేశారు. ఇప్పుడు ప్రాజెక్టు కోసం ఆర్కిటిక్‌లోని న్యూ ఓలెసుండ్, అంటార్కిటికాలోని నాయ్‌మాయర్ కేంద్రాల డేటా తీశారు. మేఘం ఉందని లైడార్ (లేజర్ కాంతితో మేఘాలను పసిగట్టే పరికరం) చూపిస్తున్న పొరలో కూడా సాపేక్ష తేమ 65, 70 శాతం దాటడం లేదు. చలికి సెన్సర్ మొరాయిస్తోందా, అసలు అంత చలిలో బెలూన్ కొలతలు పనికొస్తాయా అని మీ సందేహం.

సెన్సర్ బాగానే ఉంది. రేడియోసాండ్ ఇచ్చే సాపేక్ష తేమ, గాలి సున్నా కింద ఎంత చల్లబడినా, ద్రవ నీటి సంతృప్త పీడనాన్నే (నీటితో సమతౌల్యంలో ఉన్న గాలిలోని ఆవిరి పీడనాన్నే) ఆధారంగా పెట్టుకుని లెక్కించింది. ప్రపంచ వాతావరణ సంస్థ నియమమే అది. మైనస్ 40 డిగ్రీల దగ్గర మంచు స్ఫటికాలతో సమతౌల్యంలో ఉన్న గాలి, ఆ లెక్కలో 68 శాతమే అవుతుంది. మీరు చూస్తున్న 65–70 శాతం అంటే మంచు మేఘంలో ఉండాల్సిన తేమే.

కొలతల నమ్మకం గురించి ఒక్క మాటలో: ఉష్ణోగ్రతను దాదాపు అంతా నమ్మవచ్చు. తేమను మంచు లెక్కలోకి మార్చాకే చదవాలి. నేల నుంచి మొదటి 200 మీటర్లను విడిగా పరీక్షించాలి. ట్రోపోపాజ్ (వాతావరణపు అడుగు పొర ముగిసి స్ట్రాటోస్ఫియర్ మొదలయ్యే ఎత్తు) పైన మామూలు సాండ్ ఇచ్చే తేమను వాడకూడదు. ఈ నాలుగింటికీ కారణాలు కింద రాస్తున్నాను.

నీటి లెక్క, మంచు లెక్క

మంచు మీద సంతృప్త ఆవిరి పీడనం అదే ఉష్ణోగ్రతలో ఉన్న అతిశీతల నీటి (సున్నా కింద కూడా గడ్డకట్టని నీటి) మీద కంటే తక్కువ. చలి పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. మంచు సంతృప్తత నీటి లెక్కలో ఎంత అవుతుందో చూడండి: మైనస్ 10 దగ్గర సుమారు 91 శాతం, మైనస్ 20 దగ్గర 82, మైనస్ 30 దగ్గర 75, మైనస్ 40 దగ్గర 68, మైనస్ 50 దగ్గర 62. మీ గ్రాఫు మీద ఈ గీతను ఒకసారి గీసుకోండి. తేమ రేఖ దాన్ని ఎక్కడ తాకుతుందో అక్కడ మంచు మేఘమో, గాలిలో తేలే మంచు స్ఫటికాలో ఉండే అవకాశం ఎక్కువ.

మార్చడం తేలికే. ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో 'ట' అనుకోండి; 'ఎక్స్‌ప్' అంటే ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్. నీటి మీద సంతృప్త పీడనం, హెక్టాపాస్కల్‌లలో: 6.112 × ఎక్స్‌ప్[17.62 × ట ÷ (243.12 + ట)]. మంచు మీద: 6.112 × ఎక్స్‌ప్[22.46 × ట ÷ (272.62 + ట)]. మొదటి దాన్ని సాండ్ చెప్పిన తేమతో గుణిస్తే అసలు ఆవిరి పీడనం వస్తుంది. దాన్ని రెండో దానితో భాగిస్తే మంచు లెక్కలో తేమ. ఉదాహరణకు మైనస్ 35 డిగ్రీలు, తేమ 72 శాతం అని ఉందనుకోండి. నీటి సంతృప్త పీడనం 0.316, అసలు ఆవిరి పీడనం 0.227, మంచు సంతృప్త పీడనం 0.224. మంచు లెక్కలో తేమ 102 శాతం దాకా వచ్చింది. చూడ్డానికి పొడిగా కనిపించిన ఆ గాలి నిజానికి కొద్దిగా అతిసంతృప్తంగా ఉంది.

ఇక్కడో జాగ్రత్త. సాండ్ లోపలి సాఫ్ట్‌వేర్ ఏ సూత్రం వాడిందో, తిరిగి ఆవిరి పీడనం తీసేటప్పుడు మీరూ అదే వాడాలి. వైసాలా కంపెనీ సాండ్లు, గ్రువాన్ (ప్రామాణిక రేడియోసాండ్ కొలతల అంతర్జాతీయ కేంద్రాల వ్యవస్థ) డేటా రెండూ హైలాండ్–వెక్స్లర్ సూత్రాన్ని వాడతాయి. మైనస్ 40 వరకు ఏ సూత్రం వాడినా పెద్ద తేడా రాదు. ఇంకా కిందికి పోయేకొద్దీ అతిశీతల నీటికి ఇచ్చే విలువల్లో సూత్రానికీ సూత్రానికీ తేడా పెరుగుతుంది. పైన రాసిన నీటి సూత్రం కూడా మైనస్ 45 వరకే ఉద్దేశించింది. స్ట్రాటోస్ఫియర్ దగ్గరి లెక్కలకు దాన్ని వాడకండి.

తుషార ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) విషయంలోనూ ఇదే చిక్కు. ఫైళ్లలో ఉండేది కూడా నీటి లెక్కలోదే. మైనస్ 40 దగ్గర గాలి మంచుతో సరిగ్గా సంతృప్తమైతే తుషార ఉష్ణోగ్రత మైనస్ 43.7గా కనిపిస్తుంది. స్క్యూ-టీ పటం (ఎత్తును బట్టి ఉష్ణోగ్రత, తుషార ఉష్ణోగ్రతలను గీసే గ్రాఫు) మీద ఆ రెండు గీతల మధ్య దాదాపు 4 డిగ్రీల ఎడం చూసి 'ఇక్కడ మేఘం లేదు' అని రాసేయడం నేను తరచూ చూసే తప్పు.

100 శాతం ఎక్కడా రాదని మాత్రం అనుకోకండి. ఆర్కిటిక్‌లో కిందనే ఉండే స్ట్రాటస్ మేఘాల్లో మైనస్ 15, మైనస్ 20 దగ్గర కూడా ద్రవ నీటి బిందువులే ఎక్కువగా ఉంటాయి. అక్కడ సాండ్ 95–100 శాతం చూపిస్తుంది. మైనస్ 15 దగ్గర నీటి లెక్కలో 100 అంటే మంచు లెక్కలో 116. ఆ బిందువుల మధ్య పుట్టిన స్ఫటికాలు అంత వేగంగా పెరిగి రాలిపోవడానికి కారణం ఇదే. కాబట్టి తేమ రేఖ నీటి గీత దగ్గర ఉందా, మంచు గీత దగ్గర ఉందా అన్నదాన్ని బట్టి మేఘం నీటిదా, మంచుదా అన్నది కొంతవరకు పోల్చుకోవచ్చు. మీ లైడార్‌లో ధ్రువణ మార్పిడి (డీపోలరైజేషన్: బిందువులనూ స్ఫటికాలనూ వేరుచేసే కొలత) డేటా ఉంటే పక్కన పెట్టి చూడండి, చక్కగా సరిపోతుంది.

ఇంకొకటి: మంచు లెక్కలో 100 దాటిన విలువలను 'తప్పు' అని 100కు కోసేయకండి. స్వచ్ఛమైన చల్లని గాలిలో స్ఫటికాలు మొలవడానికి తగిన కణాలు తక్కువ. సిర్రస్ (ఎత్తున ఉండే పలుచని మంచు మేఘాలు) ఎత్తుల్లో 120, 130 శాతం నిజంగానే ఉంటుంది. అంటార్కిటికా పీఠభూమి మీద డోమ్ సి దగ్గర నేలకు ఆనుకున్న గాలిలోనే అతిసంతృప్తత తరచూ ఉంటుందని అక్కడి కొలతలు చూపాయి. మాస్ట్ (నేల మీది కొలత స్తంభం) మీద పెట్టిన మామూలు తేమమాపకం దాన్ని పట్టుకోలేదు. అదనపు ఆవిరి సెన్సర్ చుట్టూ ఉన్న తొడుగు మీదే మంచుగా గడ్డకట్టిపోతుంది, లోపల 100 దగ్గర ఆగిపోతుంది. సెన్సర్‌ను కొంచెం వేడిగా ఉంచి కొలిచే పద్ధతికే ఆ అదనం అందుతుంది.

గాదంకి డేటాలో కూడా 10 కిలోమీటర్ల పైన సరిగ్గా ఇదే సంగతి. అక్కడ ట్రోపోపాజ్ 16–17 కిలోమీటర్ల దగ్గర, మైనస్ 80 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కదా. మన దగ్గర 10 కిలోమీటర్ల ఎత్తులో మొదలయ్యే సమస్య ధ్రువాల దగ్గర నేల మీదే మొదలవుతుంది, అంతే తేడా.

తేమ సెన్సర్ ఎంత మందగిస్తుంది

ఇప్పుడు ఎక్కువ కేంద్రాలు వాడుతున్న వైసాలా ఆర్‌ఎస్41 సంగతి చెబుతాను. ఉష్ణోగ్రతకు ప్లాటినం నిరోధకం, తేమకు పలుచని పాలిమర్ పొర ఉన్న కెపాసిటర్. ఆ కెపాసిటర్ చిప్ మీదే ఒక హీటరు, దాని సొంత ఉష్ణోగ్రత సెన్సరు ఉంటాయి. చిప్‌ను చుట్టూ గాలి కంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉంచుతారు, అందువల్ల మేఘంలో దాని మీద మంచు పేరుకోదు. తయారీదారు చెప్పే అనిశ్చితి ఉష్ణోగ్రతలో 16 కిలోమీటర్ల వరకు 0.3 డిగ్రీ, ఆ పైన 0.4 డిగ్రీ. తేమలో 4 శాతం. ఆ 4 శాతం నీటి లెక్కలోది. మైనస్ 50 దగ్గర మంచు లెక్కలోకి మారిస్తే అది ఆరున్నర శాతం అవుతుంది. మీ గ్రాఫుల్లో దోషపు గీతలు వేసేటప్పుడు దీన్ని మరిచిపోవద్దు.

పాలిమర్ లోపలికి ఆవిరి చొరబడాలి, బయటికి రావాలి. చలిలో ఆ కదలిక నెమ్మదిస్తుంది. ఆర్‌ఎస్41లో స్పందన కాలం (మార్పును అందుకోవడానికి సెన్సర్‌కు పట్టే సమయం) ప్లస్ 20 దగ్గర 0.3 సెకను లోపే, మైనస్ 40 దగ్గర 10 సెకన్ల లోపు. సెకనుకు 5 మీటర్ల వేగంతో ఎక్కుతుంటే 10 సెకన్లంటే 50 మీటర్లు. 50 మీటర్ల మందం ఉన్న తేమ పొర ఒకటి ఉంటే అది చదునుగా, కొంచెం పైకి జరిగి కనిపిస్తుంది. పాత సాండ్లలో ఈ ఆలస్యం చాలా ఎక్కువ. ఆర్‌ఎస్80లో మైనస్ 70 దగ్గర అది నిమిషాల్లో ఉండేది. సాఫ్ట్‌వేర్ ఈ ఆలస్యాన్ని తిరిగి లెక్కగట్టి సరిదిద్దుతుంది కానీ, అలా సరిదిద్దినప్పుడు నాయిస్ (అర్థం లేని ఎత్తుపల్లాలు) కూడా పెరుగుతుంది. సరిదిద్దిన డేటాలో కనిపించే సన్నని మెలికలన్నిటికీ అర్థం వెతకకండి.

స్ట్రాటోస్ఫియర్‌లో నీటి ఆవిరి పది లక్షలకు నాలుగైదు అణువులు. సాండ్ అక్కడ సున్నా, ఒకటి శాతం చూపిస్తుంది, కొలత అనిశ్చితే దానికి నాలుగింతలు. ఆ భాగం మీకు కావాలంటే అద్దం మీద మంచు పొరను పట్టించి కొలిచే ఫ్రాస్ట్ పాయింట్ హైగ్రోమీటర్ ఎగరేసిన రోజుల డేటా వెతకాలి. న్యూ ఓలెసుండ్ నుంచి అలాంటివి ఎగరేశారు.

మొదటి 200 మీటర్లు

ధ్రువ డేటాలో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా సులువుగా చెడిపోయేది ఈ భాగమే. శీతాకాలంలో సూర్యుడు లేక మంచు నేల వేడిని పైకి వదిలి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి ఇంకా చల్లబడుతుంది. పైకి పోయేకొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది, దీన్నే ఇన్వర్షన్ అంటారు. డోమ్ సి లాంటి చోట శీతాకాలపు ఇన్వర్షన్ 20 డిగ్రీలు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి 100–200 మీటర్లలోనే.

లెక్క చూడండి. 100 మీటర్లలో 20 డిగ్రీలు పెరిగే గాలిలో సెకనుకు 5 మీటర్లు ఎక్కుతున్న సాండ్‌కు ప్రతి సెకనూ 1 డిగ్రీ మార్పు ఎదురవుతుంది. ఉష్ణోగ్రత సెన్సర్ స్పందన కాలం అర సెకను అయితే అది చూపించేది అసలు కంటే అర డిగ్రీ తక్కువ. స్పందన కాలం రెండున్నర సెకన్లు ఉన్న ఆర్‌ఎస్80 కాలపు సాండ్ అయితే రెండున్నర డిగ్రీలు. తొంభైలలో దక్షిణ ధ్రువం దగ్గర ప్రత్యేకంగా ప్రయోగం చేసి ఈ దోషాన్ని లెక్కగట్టారు. 1990ల డేటాను ఇప్పటి డేటాతో పోల్చి 'ఇన్వర్షన్ బలపడింది' అనో 'బలహీనపడింది' అనో చెప్పే ముందు ఈ అంకెలు కళ్ల ముందు ఉంచుకోవాలి.

దీనికి తోడు ఎగరేసే పద్ధతి తెచ్చే దోషాలున్నాయి:

వెచ్చని షెడ్డు. బెలూన్‌ను గాలి తగలని షెడ్డులో నింపుతారు. బయట మైనస్ 35 ఉంటే షెడ్డులో సున్నా మీదే ఉండవచ్చు. తలుపు తీయగానే వెచ్చని గాలి బయటికి దొర్లుతుంది, సాండ్ మొదటి కొన్ని సెకన్లు దాన్నే కొలుస్తుంది. ఇన్వర్షన్ అడుగున ఉండాల్సిన చలి డేటాలో మాయమవుతుంది. సాండ్‌ను షెడ్డుకు గాలి వచ్చే వైపున, బయట కనీసం రెండు మూడు నిమిషాలు గాలి తగిలేలా ఉంచి, మాస్ట్ ఉష్ణోగ్రతకు దగ్గరయ్యాక వదలాలి. అలా అని అరగంట ఉంచితే బ్యాటరీ చల్లబడుతుంది. బయటికి తెచ్చిన సాండ్‌ను మళ్లీ వెచ్చని గదిలోకి తీసుకెళ్లకూడదు. చల్లని బూమ్ (సెన్సర్లు ఉండే సన్నని చేయి) మీద వెంటనే మంచు పడుతుంది. తప్పనిసరై తెస్తే పూర్తిగా ఆరనిచ్చి గ్రౌండ్ చెక్ (ఎగరేసే ముందు చేసే సెన్సర్ పరీక్ష) మళ్లీ చేయాలి.

వెచ్చని వాయువు. షెడ్డులో ప్లస్ 15 దగ్గర నింపిన హీలియం బయట మైనస్ 35లోకి రాగానే, చల్లబడే దాకా బెలూన్ అవసరానికి మించి లేపుతుంది. సాండ్ మొదటి నిమిషంలో అనుకున్నదాని కంటే వేగంగా ఎక్కుతుంది, సరిగ్గా నిదానంగా పోవాల్సిన చోటే. వాయువు, గాలి ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక ఆ అదనం పోతుంది. ఇన్వర్షన్ కోసమే ఎగరేస్తుంటే లిఫ్ట్ కొంచెం తగ్గించి నింపడం మంచిది.

మొదటి వరుస. ఫైలులో మొట్టమొదటి విలువ చాలాసార్లు సాండ్‌ది కాదు. కేంద్రం మాస్ట్ నుంచి తీసుకుని ఎక్కించింది. మాస్ట్ సెన్సర్ 2 మీటర్ల ఎత్తులో ఉంటుంది, సాండ్ వదిలిన చోటు వేరే ఉంటుంది. రెండింటి అతుకు దగ్గర లేని గెంతు ఒకటి కనిపిస్తుంది. మొదటి రెండు వరుసల మధ్య కొన్ని మీటర్లలో 3, 4 డిగ్రీలు మారితే దాన్ని వాతావరణంగా తీసుకోకండి.

ఓడ. 2019 సెప్టెంబరు నుంచి 2020 అక్టోబరు వరకు సాగిన ఆర్కిటిక్ పరిశోధన యాత్ర మొజాయిక్‌లో పోలార్‌స్టెర్న్ ఓడ హెలికాప్టర్ డెక్ నుంచి రోజుకు నాలుగుసార్లు ఆర్‌ఎస్41 ఎగరేశారు. మధ్య ఆర్కిటిక్ శీతాకాలానికి ఇంతటి డేటా ఇంకెక్కడా దొరకదు. కానీ డెక్ సముద్ర మట్టానికి సుమారు 10 మీటర్ల ఎత్తు, కింద వెచ్చని ఇనుప ఓడ, పక్కన ఇంజను పొగ. అడుగు పదుల మీటర్లను ఓడ ప్రభావంగా అనుమానించాలి. అదే యాత్రలో మంచు పలక మీద నుంచి తాడు కట్టిన బెలూన్‌తో తీసిన కొలతలు ఉన్నాయి, వాటితో అతికిస్తే అడుగు భాగం బాగుపడుతుంది. తాడు బెలూన్ నిదానంగా పోతుంది, ఒకే చోట ఆగగలదు, ఇన్వర్షన్‌కు అదే సరైన సాధనం. గాలి బలంగా ఉన్న రోజు మాత్రం దాన్ని ఎగరేయలేరు.

సూర్యుడి వల్ల వచ్చే దోషం

ధ్రువ రాత్రిలో ఈ బాధ లేదు, ఉష్ణోగ్రత కొలతలు అప్పుడే అత్యుత్తమం. వేసవిలో సూర్యుడు అస్తమించడు, కాబట్టి పగటి దోషం 24 గంటలూ ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి సెన్సర్ వేడిని తీసుకుపోలేదు, అందుకే దోషం పై ఎత్తుల్లో పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ సూర్యుడి కోణాన్ని బట్టి సరిదిద్దుతుంది. అయితే కొత్త మంచు తన మీద పడిన వెలుతురులో 80 శాతానికి పైగా తిప్పి పంపుతుంది. సెన్సర్ కింద నుంచి కూడా వేడెక్కుతుంది. సాధారణ సవరణ పట్టిక ఇంత ప్రతిఫలనాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. నేల మీద చీకటి పడినా పైన సాండ్‌కు సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు. 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి క్షితిజం దాదాపు 5.6 డిగ్రీలు కిందికి దిగుతుంది. ధ్రువాల దగ్గర సూర్యుడు క్షితిజం కింద కొద్ది డిగ్రీల్లోనే రోజుల తరబడి ఉండిపోతాడు. కాబట్టి డేటాను 'పగలు', 'రాత్రి' అని విడగొట్టేటప్పుడు నేల మీది సూర్యాస్తమయాన్ని కాక, ఒక్కో ఎత్తులో సూర్యుడి కోణాన్ని లెక్కగట్టి విడగొట్టండి.

పాత ఆర్‌ఎస్92లో తేమ సెన్సర్లకు కప్పు లేదు. ఎండకు వేడెక్కి తేమను తక్కువ చూపేవి. వేసవి డేటాలో ఆ పొడిదనం స్పష్టంగా ఉంటుంది. గ్రువాన్ తిరిగి లెక్కించిన ఆర్‌ఎస్92 డేటాలో దీన్ని సరిదిద్దారు, దొరికిన చోట అదే తీసుకోండి.

బెలూన్ ఎందుకు తొందరగా పగులుతుంది

శీతాకాలంలో మీ ఫైళ్లు చాలా 15–20 కిలోమీటర్ల దగ్గరే ముగిసిపోతున్నాయంటే కారణం రబ్బరు. లేటెక్స్ సహజ రబ్బరు, అది మైనస్ 70 డిగ్రీల ప్రాంతంలో సాగే గుణం పోగొట్టుకుని పెళుసెక్కుతుంది. అంటార్కిటికా శీతాకాలంలో 20 కిలోమీటర్ల ఎత్తున మైనస్ 85 కంటే కిందికి పోతుంది. సూర్యుడు ఉంటే రబ్బరు ఆ వెలుతురుకు కొంత వెచ్చబడుతుంది, ధ్రువ రాత్రిలో ఆ ఆసరా కూడా ఉండదు.

కేంద్రాల్లో చేసే ఉపాయాలు రెండు మూడున్నాయి. బెలూన్‌ను నింపే ముందు వెచ్చని పెట్టెలో ఉంచి మెత్తబడనివ్వడం ఒకటి. నిల్వలో చలికి రబ్బరులో ఏర్పడిన స్ఫటికత అలా కరుగుతుంది. కిరోసిన్ రకం ఇంధనంలో ముంచి, కారనిచ్చి, ఆరాక నింపడం రెండోది. ఇంధనం రబ్బరులోకి ఇంకి చలిలో కూడా సాగేలా ఉంచుతుంది. ఆవిరి మంట పట్టేది కాబట్టి ఈ పని హైడ్రోజన్ నింపే గదికి దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. మూడోది, పలుచని ప్లాస్టిక్ బెలూన్ వాడటం. దక్షిణ ధ్రువంలో ఓజోన్ సాండ్లను శీతాకాలంలో ప్లాస్టిక్ బెలూన్లతోనే ఎగరేస్తారు. ఖర్చు ఎక్కువ, గాలి ఉన్నప్పుడు వదలడం కష్టం.

దీనివల్ల మీ విశ్లేషణకు వచ్చే చిక్కు సూటిగా ఉంది: స్ట్రాటోస్ఫియర్ బాగా చల్లగా ఉన్న రోజునే బెలూన్ ముందుగా పగులుతుంది. 25 కిలోమీటర్ల ఎత్తున నెలసరి సగటు తీస్తే అందులో వెచ్చని రోజులే మిగిలి సగటు పైకి జరుగుతుంది. సగటుతో పాటు ఆ ఎత్తుకు చేరిన ఆరోహణలు ఎన్నో తప్పక చూపించండి. ఎన్ని ఆరోహణలను కలిపారో చెప్పని స్ట్రాటోస్ఫియర్ సగటు గ్రాఫును నేను నమ్మను.

ఎగరేసేవారికి రెండు మాటలు, ఎందుకంటే మీరు ముందు ముందు అంటార్కిటికాలోని భారత కేంద్రాలు మైత్రికో భారతికో వెళ్లే అవకాశం ఉందని రాశారు. ధ్రువ గాలి విపరీతంగా పొడి, స్థిరవిద్యుత్తు తేలిగ్గా పుడుతుంది. హైడ్రోజన్ వాడే చోట నైలాన్, సింథటిక్ ఉన్ని బట్టలు వద్దు. నూలు బట్టలు వేసుకుని, నింపే గొట్టాన్ని భూమికి కలపాలి. బలమైన గాలిలో దారం ఒక్కసారిగా విడవకుండా రీలు నెమ్మదిగా తిరగాలి, లేకపోతే సాండ్ మంచు మీద ఈడ్చుకుపోతుంది. అలా అని దారం మరీ పొట్టిగా కట్టకూడదు. ఆర్‌ఎస్41తో వచ్చే దారం 55 మీటర్లు. అంతకంటే తగ్గిస్తే సాండ్ ఊగుతూ బెలూన్ వెనకాల వదిలిన గాలిలోకి పోతుంది. పగలు ఆ గాలి వెచ్చగా ఉండి ఉష్ణోగ్రతలో పైకి ముళ్లు వస్తాయి. మంచు తుపానులో ఎగరేస్తే గాలిలో లేచిన మంచు రేణువులు ఆవిరవుతూ అడుగు పొరను మంచు సంతృప్తత దగ్గరికి చేరుస్తాయి. అది నిజమైన తేమే, కానీ మేఘమని పొరబడవద్దు.

బ్యాటరీ గురించి దిగులు లేదు. ఆర్‌ఎస్41లో రెండు లిథియం ఏఏ సెల్లులుంటాయి, నాలుగు గంటలు పనిచేస్తాయి, 30 కిలోమీటర్లకు ఎక్కడానికి పట్టేది గంటా నలభై నిమిషాలే. జీపీఎస్ కూడా పనిచేస్తుంది. దాని ఉపగ్రహాల కక్ష్య వంపు 55 డిగ్రీలే కాబట్టి ధ్రువం దగ్గర అవి ఆకాశంలో 45 డిగ్రీల పైకి రావు, ఎత్తు కొలతలో ఖచ్చితత్వం కొంచెం తగ్గుతుంది. ఈ పనికి అది పెద్ద అడ్డంకి కాదు.

ఎగరేసే ముందు గ్రౌండ్ చెక్ మాత్రం ఎప్పుడూ వదలొద్దు. ఆర్‌ఎస్41ను దాని పరికరం మీద పెడితే చిప్‌ను వేడిచేసి, నిల్వలో పట్టిన రసాయనాల ఆవిరిని వెళ్లగొట్టి, అదే వేడిలో సున్నా తేమను సరిచూస్తుంది. కొన్ని నిమిషాల పని. ధ్రువాల దగ్గర దీని విలువ ఎక్కువ, ఎందుకంటే అక్కడ మనం కొలిచే ఆవిరే అతి తక్కువ. మైనస్ 40 దగ్గర మంచు మీద సంతృప్త పీడనం 0.13 హెక్టాపాస్కల్, 30 డిగ్రీల హైదరాబాద్ గాలిలో 42.

ఏ డేటా తీసుకోవాలి

పాత టెంప్ సందేశాల్లో (కేంద్రాలు సాండ్ కొలతలను క్లుప్తంగా పంపే సంకేత రూపం) 850, 700, 500 హెక్టాపాస్కల్ లాంటి ప్రామాణిక స్థాయిలు, కొన్ని ముఖ్య స్థాయిలు మాత్రమే ఉంటాయి. ఇన్వర్షన్ ఆకారం అందులో నిలవదు. సెకను సెకనుకూ ఉన్న డేటా దొరికితే అదే తీసుకోండి. న్యూ ఓలెసుండ్‌ది గ్రువాన్‌లో, పాంజియా అనే డేటా భాండారంలో దొరుకుతుంది. నాయ్‌మాయర్, పోలార్‌స్టెర్న్ డేటా కూడా పాంజియాలోనే. దీర్ఘకాలపు పోలికకు ఇగ్రా (ప్రపంచ రేడియోసాండ్ డేటా సంకలనం) వాడితే, కేంద్రం చరిత్రలో సాండ్ రకం మారిన తేదీలను ముందుగా రాసుకోండి. న్యూ ఓలెసుండ్‌లో ఆర్‌ఎస్80, ఆర్‌ఎస్90, ఆర్‌ఎస్92, ఆర్‌ఎస్41 వరసగా వచ్చాయి. ఆర్‌ఎస్80 తేమను తక్కువ చూపేది. సవరించకుండా గీత గీస్తే సాండ్ మారిన చోటే వాతావరణం మారినట్టు కనిపిస్తుంది.

అమెరికా నడిపిన కేంద్రాల డేటా, అంటే దక్షిణ ధ్రువం, అలాస్కాలవి, 1993కు ముందువి తీస్తే ఇంకో మెలిక ఉంది. ఆ రోజుల్లో మైనస్ 40 కంటే చల్లని గాలిలో తేమను అసలు నివేదించేవారు కాదు. 20 శాతం కంటే తక్కువ ఉన్న తేమకు, అసలు విలువ ఎంతైనా, గాలి ఉష్ణోగ్రతకూ తుషార ఉష్ణోగ్రతకూ తేడా 30 డిగ్రీలని రాసేసేవారు. మీ ఫైలులో వరసగా 30.0 కనిపిస్తే అది కొలత కాదు. సగటు తీసే ముందే ఆ వరసలను ఖాళీగా మార్చేయండి.